బొమ్మ – బొరుసు: రోమను వెండి నాణెముల కథ

నాణెము నెగురవేసి "బొమ్మా, బొరుసా?" యని యడుగుట మన పిల్లలందరును ఎరిగిన యాట. ప్రాచీన రోము నగరములోని పిల్లలును ఈ యాట నాడెడివారు. అయితే వారు అడుగునది "తలలా, ఓడలా?" యని. వారి తొలినాటి కంచు నాణెములపై ఒకవైపున రెండు ముఖములు గల జానస్ దేవుని తలయు, రెండవవైపున ఓడ ముందుభాగమును ఉండెడివి. ఆ కంచు నాణెములు మరుగుపడి ఎన్నో తరములు గడచెను. క్రీ.శ. 5వ శతాబ్దమున మక్రోబియస్ అను పండితుడు గ్రంథము వ్రాయు నాటికి పిల్లలు ఎగురవేయుచున్నది ఓడ బొమ్మ లేని దెనారియసు. అయినను వారి నోట "ఓడలు" అను మాట మాత్రము పోలేదు. నాణెముపై బొమ్మ జనుల మనస్సులో ఎంత గాఢముగా నాటుకొనునో చెప్పుటకు ఇంతకంటె సాక్ష్యము అక్కరలేదు. ఆ సంగతి రోమను ప్రభువులకును బాగుగా తెలియును.

దెనారియసు అనునది రోమనుల వెండి నాణెము. అది పుట్టినది క్రీ.పూ. 211 ప్రాంతమున. అప్పటికి కార్తేజి సేనాని హనిబాల్ ఇటలీ నేలపైననే నిలిచి రోమను సైన్యములను పలుమారులు చిత్తుగా ఓడించియుండెను. యుద్ధవ్యయము పెరిగి, పాత నాణెముల తూకము తగ్గి, జనులకు వానిపై నమ్మకము సడలిన కాలమది. అట్టి గడ్డుకాలమున వెలువడిన ఈ క్రొత్త నాణెము నాలుగున్నర శతాబ్దముల పాటు మధ్యధరా సముద్రతీరమంతట చెల్లెను. 'పది గలది' యని దాని పేరునకు అర్థము, పది కంచు 'ఆస్'లకు అది సమానమగుటచే. క్రీ.పూ. 141 ప్రాంతమున దానిని పదునారు ఆస్‌లకు సమానము చేసిరి. పదునారణాల రూపాయితో పెరిగిన మన పెద్దలకు ఈ లెక్క వింతగా తోపదు. పేరు మాత్రము 'పది గలది'గనే నిలిచిపోయినది. పరిమాణమున అది మన పాత వెండి పావలా యంత వెడల్పు గలది. బరువు మాత్రము పావలా కంటె కొంత హెచ్చు, నాలుగు గ్రాములకు ఒకింత తక్కువ.

బొటనవ్రేలి గోటికంటె కొంచెము పెద్దదైన ఆ వెండి బిళ్ళపై మొదట చెక్కినది దేవతలనే. బొమ్మవైపున శిరస్త్రాణము ధరించిన రోమాదేవి తల, బొరుసువైపున గుఱ్ఱములపై దూకుడుగా పోవు కాస్టర్, పోలక్స్ అను కవల దేవతలు. క్రీ.పూ. 5వ శతాబ్దారంభమున రెజిల్లస్ సరస్సు కడ జరిగిన యుద్ధములో ఈ కవలలు రోమనుల పక్షమున పోరాడి, ఆ సాయంకాలమే రోము నగర మధ్యమున ఒక ఊట కడ తమ గుఱ్ఱములకు నీరు పట్టుచు కనబడిరని వారి గాథ. మన అశ్వినీదేవతలకును వీరికిని మూలమొక్కటే యని పురాణములను పోల్చి చూచు పండితులు తలంచుచున్నారు. హనిబాల్ భయము తొలగని దినములలో ఈ బొమ్మను చేత పట్టుకొన్న సైనికునకు అది జీతము మాత్రమే కాదు, దేవతలు తనవైపున నున్నారను ధైర్యము కూడను.

ఈ నాణెములను ముద్రించు కమ్మటము కాపిటోలైన్ కొండపై జూనో మొనేటా దేవాలయమును ఆనుకొని యుండెను. ఆ 'మొనేటా' నుండియే ఆంగ్లమున 'మనీ', 'మింట్' అను రెండు మాటలును వచ్చినవి. క్రీ.పూ. 46లో కారిసియస్ అను అధికారి ఒక నాణెముపై ఒకవైపు మొనేటా దేవి తలను, మరొకవైపు దాగలి, సుత్తి, పట్టకారులను ముద్రించెను. నాణెము తన పుట్టుకను తానే చెప్పుకొనుట ఇట్టి చోటనే కనబడును. పని విధానము సులభమే. క్రింది అచ్చు దాగలిలో బిగించి, దానిపై కాచిన వెండి బిళ్ళ నుంచి, పై అచ్చును చేత పట్టి, సుత్తితో ఒక్క పెట్టు పెట్టెదరు. అచ్చులు చేతితో చెక్కినవి. దెబ్బయు చేతి దెబ్బయే. కావుననే ఒక నాణెమున దేవుని ముక్కు అంచు దాటి పోవును, మరొకదానిలో అక్షరములు సగమే పడును. ఏ రెండును అచ్చముగా ఒక్కతీరున నుండవు.

కమ్మటపు బాధ్యత ఏటేట నియమింపబడు ముగ్గురు యువకులది. ఉన్నత కుటుంబములలో పుట్టి, ప్రభుత్వోద్యోగపు మొదటి మెట్లపై నున్నవారు వారు. మొదట వీరు నాణెము మూలన ఒక చిన్న గురుతు మాత్రము వేసెడివారు. తరువాత పేరులో రెండు మూడక్షరములు. ఆపై పూర్తి పేరు. క్రీ.పూ. 2వ శతాబ్దపు ఉత్తరార్ధము నుండి పేరుతోడి తృప్తి చాలక, తమ తాతముత్తాతలను ఎక్కింపసాగిరి. చిన్న యుద్యోగి చేతికి పెద్ద యధికారము ఒక్క యేడు చిక్కినచో ఏమి చేయునో ఊహించుట కష్టము కాదు! పాంపేయస్ ఫోస్లస్ అను నతడు క్రీ.పూ. 137లో అత్తిచెట్టు నీడను ఆడుతోడేలు పాలు త్రావుచున్న రోములస్, రేమస్ శిశువులను ముద్రించి, ప్రక్కన కాపరి ఫాస్ట్యులసును నిలిపెను. ఆ కాపరి తన వంశమునకు మూలపురుషుడని అతని భావము. మెటెలస్ వంశీయులు తమ నాణెములపై ఏనుగులను వేసిరి. క్రీ.పూ. 250లో సిసిలీలోని పనోర్మస్ కడ వారి పూర్వుడొకడు కార్తేజివారి ఏనుగులను పట్టుకొన్నాడు. ఆ విజయమును నూటపాతికేండ్ల తరువాత కూడ వారి మనుమలు జనుల చేతులలో పెట్టుచునే యుండిరి. నియంతయైన సుల్లా కుమారుడు క్రీ.పూ. 56లో వేసిన నాణెమున సుల్లా ఉన్నతాసనముపై కూర్చుండగా, బోకస్ రాజు మోకరించి ఆలివ్ కొమ్మ నందించును. ఇంకొకప్రక్క జుగుర్తా చేతులు వెనుకకు కట్టబడి క్రుంగియుండును. ముగ్గురు మనుష్యులు, ఒక యుద్ధపు ముగింపు, అంతయు రెండు సెంటీమీటర్లలో.

అన్నియు వంశగర్వపు బొమ్మలే యనుకొనరాదు. పౌరుల హక్కులను చూపు నాణెములును కలవు. క్రీ.పూ. 110 ప్రాంతమున పోర్సియస్ లేకా ముద్రించిన నాణెముపై సేనాధిపతి ఎదుట ఒక సామాన్య పౌరుడు నిలిచియుండును. క్రింద 'ప్రొవోకో' యను ఒక్క మాట. 'నేను ప్రజలకు విన్నవించుకొందును' అని దాని యర్థము. మరణదండన గాని, కొరడా దెబ్బలు గాని విధించు అధికారి తీర్పుపై రోమను పౌరునికి గల అప్పీలు హక్కు అది. మరికొన్నింటిపై వోటు చీటీని పెట్టెలో వేయుచున్న మనిషి కనబడును. ప్రపంచమున వోటు వేయు దృశ్యమును నాణెములపై చూపినవారిలో మొట్టమొదటివారు రోమనులే యనవచ్చును.

అయితే ఆ హక్కులు రోమను పౌరులకే కాని, వారి ప్రక్కన నిలిచి యుద్ధములు చేసిన ఇటలీలోని ఇతర జాతులకు లేవు. క్రీ.పూ. 91లో ఆ జాతులు తిరుగబడి, తామే నాణెములు వేసికొనిరి. ఒకదానిపై ఇటలీకి గురుతైన ఎద్దు రోమునకు గురుతైన తోడేలును కొమ్ములతో కుమ్ముచుండును. దానిపై అక్షరములు లాటిను కావు. తమ ఓస్కను భాషలో, తమ లిపిలో 'వితెలియు' అని వ్రాసికొనిరి. తమ దేశమునకు తమ నుడిలో గల పేరు అది. తూకమును, ఆకారమును రోమనులవే తీసికొని, బొమ్మను, భాషను మాత్రము మార్చిరి. యుద్ధమున రోము గెలిచెను గాని, పౌరసత్వమును ఇచ్చియే గెలిచెను.

ఇంతకాలము రోమను నాణెములపై ఒక నియమము తప్పలేదు. దేవతలుండవచ్చును, గతించిన పూర్వులుండవచ్చును. బ్రతికియున్న రోమను ముఖము మాత్రము ఆ నగరపు నాణెముపై ఉండరాదు. తన ముఖము వేసికొనుట గ్రీకు రాజుల యలవాటు. రాజు అను మాటయే రోమనులకు గిట్టదు. క్రీ.పూ. 54లో మార్కస్ బ్రూటసు అను యువకుడు కమ్మటపు అధికారిగా నుండి ఒకవైపు స్వాతంత్ర్యదేవి తలను, మరొకవైపు రాజులను వెడలగొట్టి గణతంత్రమును స్థాపించిన తన పూర్వుడు లూసియస్ బ్రూటసు భటుల నడుమ నడచుచున్న బొమ్మను వేసెను. ఏకచ్ఛత్రాధిపత్యము నాశించు వారికి అది హెచ్చరిక యని నాటివారికి తెలియకపోలేదు.

పదేండ్లు గడచెను. అంతర్యుద్ధమున గెలిచిన జూలియస్ సీజరు క్రీ.పూ. 44వ సంవత్సరారంభమున తన ముఖమునే నాణెములపైకి ఎక్కించెను. ముడుతలు పడిన సన్నని మెడ, ఎండిన చెంపలు, బట్టతలను కప్పిన ఆకుల దండ, చుట్టును 'సీజరు, శాశ్వత నియంత' యను అక్షరములు. బొరుసువైపున తన వంశమునకు మూలమని చెప్పుకొనిన వీనస్ దేవి. తరతరముల కట్టుబాటు ఒక సుత్తి దెబ్బతో పోయినది. మార్చి 15వ తేదీన బ్రూటసు మొదలగువారు అతనిని సభాభవనమున పొడిచి చంపిరి. ఆ హత్యకు కారణములనేకములు. నాణెముపై ముఖము కూడ సీజరు రాజు కాగోరుచున్నాడనుటకు గురుతులలో నొకటి యయ్యెను.

అటుపిమ్మట జరిగినదే విచిత్రము. తూర్పునకు పోయి సైన్యములను కూర్చుకొనిన బ్రూటసు, వారి జీతములకై క్రీ.పూ. 42లో తానును నాణెములు వేసెను. బొరుసువైపున రెండు బాకులు, వాని నడుమ బానిసత్వము తొలగినవాడు ధరించు కుళ్ళాయి, క్రింద ఆ మార్చి దినము పేరు. ఇంతకంటె నిర్భయముగా ఒక హత్యను చాటిన నాణెము మరొకటి లేదు. దానిని త్రిప్పి చూచినచో బొమ్మవైపున నున్నది స్వాతంత్ర్యదేవి కాదు, పూర్వుడైన బ్రూటసు కాదు. బ్రతికియున్న మార్కస్ బ్రూటసే! ముఖము వేసికొన్న వానిని చంపినవాడు తన ముఖము వేసికొనెను. జీతమిచ్చు వాడెవడో సైనికునికి తెలియవలెను గదా యని కొందరు సమర్థింపవచ్చును. కాని గణతంత్రము ఫిలిప్పీ యుద్ధభూమికి ముందే ఆ కమ్మటములో ఓడినదనుటయే న్యాయము. ఆ యేడు అక్టోబరులో బ్రూటసు ఓడి ప్రాణత్యాగము చేసెను. మన దేశమున దీనికి ఎదురు దారిలో జరిగిన సంగతి ఒకటి కలదు. 1950లో గణతంత్ర భారతము నాణెములపై నుండి ఆరవ జార్జి ముఖమును తొలగించి, ఆ స్థానమున అశోకుని సింహశీర్షమును నిలిపినది.

సీజరు దత్తపుత్రుడైన ఆగస్టసు నాటికి ఎవరి ముఖము వేయవలెనను ప్రశ్నయే లేదు. బొమ్మవైపు చక్రవర్తిదే, బొరుసువైపు చక్రవర్తి చేసిన ఘనకార్యములది. ఈజిప్టును జయించినప్పుడు ఒక మొసలి, 'ఈజిప్టు పట్టువడినది' యను మాట. పార్థియనులు పూర్వము పట్టుకొనిన రోమను ధ్వజములను తిరిగి ఇచ్చినప్పుడు మోకరించి ధ్వజమునందించు పార్థియను. సీజరు మరణానంతరము ఆకాశమున కనబడిన తోకచుక్క. జ్యోతిషమున నమ్మకము గలవారికి ప్రియమైన మరొక సంగతి: ఆగస్టసు తన జన్మకు గురుతుగా మకర రాశి బొమ్మను వెండి నాణెములపై వేయించెనని చరిత్రకారుడు సూటోనియసు వ్రాసినాడు. మేక ముందుభాగము, చేప తోక గల ఆ మకరము నేటికిని ఆ నాణెములపై చూడవచ్చును.

క్రీ.పూ. 2 ప్రాంతము నుండి ఇప్పటి ఫ్రాన్సులోని లియోన్ నగరపు కమ్మటమున ఒక నాణెమును విస్తారముగా ముద్రించిరి. ఒకవైపు ఆగస్టసు, 'పితృభూమికి తండ్రి'. మరొకవైపు ఇద్దరు బాలురు నిలిచి, నడుమ డాళ్ళను, బల్లెములను పట్టుకొని యుందురు. వారు అతని మనుమలు గయస్, లూసియస్; దత్తత గొని వారసులుగా పెంచుచుండెను. లూసియస్ క్రీ.శ. 2లో మార్సేల్సున, గయస్ క్రీ.శ. 4లో ఆసియా మైనరున మరణించిరి. రాజ్యము వారికి దక్కలేదు. వారి బొమ్మ మాత్రము వారు ఎన్నడును వినని యూళ్ళకు చేరెను. వారికి మారుగా రాజ్యమునకు వచ్చిన టైబీరియసు తన నాణెమున ఆసీనయైన ఒక స్త్రీమూర్తిని వేయించి, ఇరువది మూడేండ్ల పాలనలో దానిని దాదాపు మార్చనేలేదు. సువార్తలో ఏసుక్రీస్తు "ఈ రూపమెవరిది?" యని అడిగిన దెనారియసు ఇదేయని పలువురు తలంతురు. అతని కాలమున ఆగస్టసు రూపము గల నాణెమును మరుగుదొడ్డికి తీసికొనిపోవుట కూడ మరణదండనకు తగిన నేరమయ్యెనని సూటోనియసు చెప్పినాడు. బొమ్మ ఇప్పుడు మనిషిని చూచుచుండెను!

సైనికుని జీతము ఏటికి 225 దెనారియసులు. సామ్రాజ్యవ్యయము పెరిగినకొలది వెండిపై చేయి పడుట సహజము. క్రీ.శ. 64 ప్రాంతమున నీరో తూకమును తగ్గించి, వెండిలో రాగిని హెచ్చించెను. ఆపైన వచ్చినవారు అదే త్రోవ పట్టిరి. 3వ శతాబ్దపు ఉత్తరార్ధమునకు రోమను 'వెండి' నాణెము వెండి పూత గల రాగి బిళ్ళయై పోయినది. చక్రవర్తి కిరీటము మాత్రము నానాటికి పెద్దదయ్యెను.

ఈ నాణెములు మన దేశమునకు వచ్చినది వర్తకము వలన. మిరియాలు, సన్నని వస్త్రములు, ముత్యములు, పచ్చలవంటి రాళ్ళు ఓడలలో పడమటికి పోగా, బంగారము, వెండి తూర్పునకు వచ్చెను. ఏటేట ఐదుకోట్ల సెస్టెర్సులను భారతదేశము లాగికొనుచున్నదని ప్లినీ మొరపెట్టుకొనెను. నాలుగు సెస్టెర్సులు ఒక దెనారియసు. 'ఎరిత్రియను సముద్ర యాత్ర' అను గ్రీకు గ్రంథము భరుకచ్ఛమున రోమను బంగారు, వెండి నాణెములను దేశీయ నాణెములకు మార్చినచో లాభము కలదని వర్తకులకు తెలుపుచున్నది. పైఠాన్, తేర్ నగరముల సరుకులు బండ్లపై ఆ రేవునకు చేరుటను, కృష్ణాతీరపు మసాలియా దేశమున నేయు వస్త్రములను కూడ పేర్కొన్నది. సింహళ రాజును గూర్చి ప్లినీ చెప్పిన కథ మరింత రసవంతము. గాలివాటున అచ్చటకు కొట్టుకొనివచ్చిన ఒక రోమను సేవకుని వద్దనున్న దెనారియసులను రాజు తూచి చూచెను. వానిపై ముఖములు వేరువేరు. తూకము మాత్రము ఒక్కటే. అది చూచి రోమనుల న్యాయబుద్ధికి ఆ రాజు ఆశ్చర్యపడెనట.

ముఖముకంటె తూకమును నమ్ముట ఒక్క సింహళమున కాదు. జర్మను జాతులవారు పాతకాలపు అంచు గీతల నాణెములను, జంటగుఱ్ఱముల రథము గల నాణెములనే కోరుచున్నారని టాసిటసు వ్రాసినాడు. దక్షిణభారతమున దొరికిన దెనారియసులలో అత్యధికభాగము ఆగస్టసు, టైబీరియసుల కాలమువే యగుటకు ఇదే కారణమని చాలమంది పండితుల అభిప్రాయము. నీరో పలుచన చేసిన వెండిని మన వర్తకులు త్రోసిపుచ్చి, పాత మంచి వెండినే అడిగి పుచ్చుకొనిరి. 1842లో కోయంబత్తూరు దగ్గరి వెల్లలూరున ఐదువందలకు పైగా ఇట్టి నాణెములు బయల్పడెను. తెలంగాణలో నల్లగొండ జిల్లాయందలి అక్కెనపల్లిలో దొరికిన నిధిలో దెనారియసులు పదిహేనువందలకు మించి యున్నవి. ఆంధ్రప్రదేశమున దొరికిన రోమను నాణెములను గూర్చి పరమేశ్వరీలాల్ గుప్తా వ్రాసిన పుస్తకము 1965లో ప్రభుత్వ ప్రదర్శనశాల ప్రచురణముగా వెలువడినది.

మన దేశమున దొరికిన రోమను నాణెములు కొన్నింటిపై చక్రవర్తి ముఖమునకు అడ్డముగా ఉలి గాటు ఒకటి కనబడును. 1898లో పుదుక్కోటలో దొరికిన ఐదువందల బంగారు నాణెములలో దాదాపు అన్నింటిపై అట్టి గాటు కలదు. లోపల లోహము మంచిదో కాదో చూచుటకని కొందరు, పరాయి రాజు ముఖమును చెరిపి నాణెముగా చెల్లకుండ చేయుటకని కొందరు చెప్పుదురు. లోపలి లోహము కొరకైనచో అంచున గాటు పెట్టిన చాలును. గురి చూచి ముఖముపైననే కొట్టుటను బట్టి రెండవ మాటయే సబబుగా తోచుచున్నది. రోములో ఆ ముఖమును అవమానించినవాని తల పోవును; ఇచ్చట కంసాలి ఉలికి అది ఒక వెండి ముక్క. మరికొందరు పనివారు ఈ నాణెములను చూచి అచ్చులు చేసికొనిరి. అట్టి అనుకరణ నాణెములపై ముఖము బాగుగనే యుండును. చుట్టునున్న లాటిను అక్షరములు మాత్రము అర్థము లేని గీతలైపోవును.

అదే కాలమున దక్కనులో ముఖముల పోరాటము మరొకటి జరిగినది. క్షహరాత నహపానుడు గ్రీకు, రోమను తీరున తన ముఖముతో వెండి నాణెములు వేసెను. అతనిని గెలిచిన గౌతమీపుత్ర శాతకర్ణి వానిని కరగింపలేదు. ఆ ముఖముపైననే తన పర్వత చిహ్నమును, ఉజ్జయినీ చిహ్నమును గట్టిగా ముద్రించెను. 1906లో నాసిక్ దగ్గరి జోగళ్‌తంబిలో దొరికిన పదమూడువేలకు పైబడిన నాణెములలో తొమ్మిదివేలకు మించి యిట్టివే. చిహ్నము క్రింద నహపానుని ముక్కు, గడ్డము ఇంకను కానవచ్చును. ఆ పిమ్మట శాతవాహనులే తమ ముఖములతో వెండి నాణెములు వేయనారంభించిరి.

దెనారియసు పేరు 'దీనారము'గా సంస్కృత ప్రాకృతములలో నిలిచి, గుప్తుల కాలమున బంగారు నాణెమునకు పేరయ్యెను. ఆంధ్రదేశమున దాని జాడ నాగార్జునకొండపై నున్నది. క్రీ.శ. 3వ శతాబ్దమున ఇక్ష్వాకుల కాలపు మహాచైత్య స్తంభ శాసనమొకటి, ఉజ్జయినీ రాజపుత్రికయగు రుద్రధర భట్టారిక ఆ స్తంభస్థాపనకు 170 దీనారి మాషకములను దానముగా ఇచ్చెనని చెప్పుచున్నది. ఆమె ఇచ్చిన నాణెములపై ఎవరి బొమ్మ కలదో శాసనము చెప్పలేదు; లెక్క మాత్రము తప్పక చెక్కించినది.